చార్లెస్ స్టార్క్ డ్రేపర్

చార్లెస్ స్టార్క్ డ్రేపర్ (అక్టోబరు 2, 1901 - జూలై 25, 1987) అమెరికాకు చెందిన శాస్త్రవేత్త, ఇంజనీరు, ఆచార్యుడు. విమానం, జలాంతర్గామి, క్షిపణి, అంతరిక్షనౌక వంటి వాహనాలు బయటినుండి ఏ సంకేతమూ అందుకోకుండా, తమలో అమర్చిన పరికరాల సాయంతోనే తమ వేగాన్ని, స్థానాన్ని తెలుసుకొనే పద్ధతిని జడత్వ మార్గనిర్దేశనం అంటారు. ఈ పద్ధతికి ఆచరణ రూపం ఇచ్చినవారిలో డ్రేపర్ అగ్రగణ్యుడు. అమెరికాలో ఆయనను ఈ విద్యకు పితామహుడిగా పరిగణిస్తారు. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ (ఎం.ఐ.టి.)లో ఆయన నెలకొల్పిన ఇన్‌స్ట్రుమెంటేషన్ ల్యాబొరేటరీయే చంద్రునిపైకి మానవుణ్ణి తీసుకువెళ్ళిన అపోలో నౌకలకు మార్గనిర్దేశన వ్యవస్థను రూపొందించింది. అణ్వస్త్ర క్షిపణులకు గురి కుదిర్చిన వ్యవస్థలు కూడా అదే ప్రయోగశాలలో తయారయ్యాయి. ఈ కారణంగా 1969లో ఆ ప్రయోగశాల తీవ్ర నిరసనలను ఎదుర్కొన్నది.

బాల్యం, విద్యాభ్యాసం

డ్రేపర్ మిస్సోరీ రాష్ట్రంలోని విండ్సర్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. తండ్రి దంతవైద్యుడు. 1937 నుండి 1941 వరకు మిస్సోరీ గవర్నరుగా పనిచేసిన లాయిడ్ స్టార్క్ ఈయనకు దగ్గరి బంధువు. డ్రేపర్ 1917లో మిస్సోరీ విశ్వవిద్యాలయంలో చేరి, 1919లో కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి మారాడు. అక్కడ 1922లో పట్టభద్రుడయ్యాడు. తరువాతి కాలంలో యంత్రపరికరాలకు పేరుపొందిన ఈయన మొదటి పట్టా మనస్తత్వశాస్త్రంలో కావడం విశేషం.

అదే సంవత్సరం ఎం.ఐ.టి.లో ప్రవేశించి 1926లో విద్యుత్ రసాయన ఇంజనీరింగులో పట్టా, 1928లో మాస్టర్స్ పట్టా, 1938లో భౌతికశాస్త్రంలో డాక్టరేటు పొందాడు. డాక్టరేటుకు ఇంత కాలం పట్టడానికి కారణం అలసత్వం కాదు. కనబడిన ప్రతి శాస్త్రంలోనూ పాఠాలకు హాజరు కావడం ఆయనకు అలవాటు. ఆ విద్యాసంస్థలో అంతవరకు ఏ విద్యార్థీ చదవనన్ని పాఠ్యాంశాలు చదివాడన్న పేరు ఆయనకు ఉండేది. చదువుతూనే బోధన కూడా సాగించాడు. 1939లో వైమానిక ఇంజనీరింగు శాఖలో పూర్తిస్థాయి ఆచార్యుడయ్యాడు. 1938లో ఐవీ విల్లార్డ్‌ను వివాహమాడాడు. వారికి నలుగురు సంతానం. విద్యార్థులు, సహోద్యోగులు ఆయనను ప్రేమగా డాక్ అని పిలిచేవారు.

విమాన పరికరాలపై ఆసక్తి

డ్రేపర్ స్వయంగా విమానం నడపడం నేర్చుకున్నాడు. ఆ రోజుల్లో మేఘాలలో ప్రయాణం ప్రాణాపాయంతో కూడుకున్నది. కిటికీలోనుండి నేల గాని, దిగంతం గాని కనబడనప్పుడు విమానం నిటారుగా ఉన్నదో ఒక పక్కకు ఒరిగి ఉన్నదో చోదకుడు తన శరీరానుభవంతో చెప్పలేడు. చెవి లోపలి సమతౌల్య అవయవం గురుత్వాకర్షణ లాగుడును, విమానం మలుపు తిరిగేటప్పుడు కలిగే లాగుడును వేరుచేయలేకపోవడమే దీనికి కారణం. ఎందరో చోదకులు తాము తిన్నగా వెళుతున్నామని నమ్ముతూనే నేలకూలారు.

అప్పటి విమాన పరికరాలు ఎంత అసమర్థమైనవో చూపించడానికి డ్రేపర్ తన మిత్రుడు జూలియస్ స్ట్రాటన్‌ను విమానంలో ఎక్కించుకుని, కావాలనే విమానాన్ని పట్టు తప్పేలా చేశాడన్న ఉదంతం ఎం.ఐ.టి.లో చాలా కాలం చెప్పుకునేవారు. భయపడిన ఆ మిత్రుడే తరువాత ఆ విద్యాసంస్థకు అధ్యక్షుడయ్యాడు. 1930ల దశకంలో డ్రేపర్ విమాన పరికరాల పరిశోధనకు ఒక చిన్న ప్రయోగశాలను ప్రారంభించాడు. కాలక్రమంలో ఇదే ఇన్‌స్ట్రుమెంటేషన్ ల్యాబొరేటరీగా పెరిగింది.

రెండవ ప్రపంచ యుద్ధం - మార్క్ 14 గురిసాధనం

వేగంగా పోయే విమానాన్ని నౌకపైనుండి తుపాకీతో కొట్టాలంటే విమానం ఇప్పుడున్న చోటికి గురిపెడితే ప్రయోజనం లేదు. గుండు అక్కడికి చేరేలోగా విమానం ముందుకు పోతుంది. కనుక ఎంత ముందుకు గురిపెట్టాలన్నది క్షణాల్లో తేలాలి. తుపాకీ గురి చూస్తూ విమానాన్ని వెంబడించేటప్పుడు తుపాకీ ఎంత వేగంతో తిరుగుతున్నదో కొలిస్తే ఈ లెక్క తేలుతుందని డ్రేపర్ గ్రహించాడు. తిరుగుడు వేగాన్ని కొలవడానికి ఆయన గైరోస్కోపును వాడాడు. వేగంగా తిరిగే చక్రం తన అక్షం దిశను మార్చే ప్రయత్నాన్ని ప్రతిఘటిస్తుంది. ఆ ప్రతిఘటన బలాన్ని కొలిస్తే తిరుగుడు వేగం తెలుస్తుంది.

ఈ సూత్రంతో రూపొందిన మార్క్ 14 గురిసాధనాన్ని అమెరికా నౌకాదళం స్వీకరించింది. స్పెర్రీ సంస్థ దీనిని పెద్ద సంఖ్యలో తయారు చేసింది. 20 మిల్లీమీటర్ల ఓర్లికాన్ తుపాకులకు దీనిని అమర్చారు. 1942 అక్టోబరులో పసిఫిక్ మహాసముద్రంలో జరిగిన శాంటాక్రజ్ ద్వీపాల పోరాటంలో సౌత్ డకోటా యుద్ధనౌక విమాన దాడులను ఎదుర్కొన్న తీరుతో ఈ పరికరానికి పేరు వచ్చింది. యుద్ధకాలంలో ప్రయోగశాల రహస్య పరిశోధన కేంద్రంగా పనిచేసింది. డ్రేపర్ విద్యార్థి, వైమానిక దళ అధికారి అయిన లైటన్ డేవిస్ సహకారంతో యుద్ధవిమానాలకు ఏ-1 గురిసాధనం తయారైంది. దాని తరువాతి రూపమైన ఏ-4ను కొరియా యుద్ధంలో ఎఫ్-86 విమానాలలో వాడారు.

తిరుగుడు వేగాన్ని కచ్చితంగా కొలిచే గైరోస్కోపు చేతికి వచ్చిన తరువాత డ్రేపర్ దృష్టి అంతకంటే పెద్ద సమస్యపైకి మళ్ళింది. కిటికీలు లేని గదిలో కూర్చుని, బయటి ప్రపంచంతో ఏ సంబంధమూ లేకుండా, తాను ఎక్కడ ఉన్నాడో మనిషి చెప్పగలడా అన్నదే ఆ సమస్య.

త్వరణం నుండి వేగం - జడత్వ మార్గనిర్దేశన సూత్రం

మూసి ఉన్న వాహనంలో కూర్చున్న మనిషికి వేగం తెలియదు. నిలకడ వేగంతో పోయే రైలులో కళ్ళు మూసుకుంటే కదులుతున్నామో లేదో చెప్పలేము. అయితే రైలు వేగం పుంజుకున్నప్పుడు వీపు ఆసనానికి ఒత్తుకుంటుంది, బ్రేకు వేసినప్పుడు ఒళ్ళు ముందుకు తూలుతుంది. అంటే వేగాన్ని నేరుగా కొలవలేకపోయినా, వేగంలో మార్పును, అనగా త్వరణాన్ని, లోపలనుండే కొలవవచ్చు. ఇది న్యూటన్ గతి నియమాల ఫలితం. స్ప్రింగుకో లోలకానికో కట్టిన చిన్న ద్రవ్యరాశి ఎంత పక్కకు జరిగిందో చూసి త్వరణాన్ని కొలిచే పరికరాన్ని త్వరణమాపకం అంటారు.

ప్రతి చిన్న కాలవ్యవధిలోనూ త్వరణాన్ని ఆ వ్యవధితో గుణించి, వచ్చిన లబ్ధాలన్నింటినీ కూడుతూ పోతే వేగంలో వచ్చిన మొత్తం మార్పు లభిస్తుంది. గణితంలో ఈ ప్రక్రియకు సమాకలనం అని పేరు. దీనికి బయలుదేరినప్పటి వేగాన్ని కలిపితే ప్రస్తుత వేగం తెలుస్తుంది. అదే విధంగా వేగాన్ని మరొకసారి సమాకలనం చేస్తే ప్రయాణించిన దూరం తెలుస్తుంది. ఉదాహరణకు నిశ్చల స్థితినుండి బయలుదేరిన వాహనంలో త్వరణం 10 సెకన్లపాటు సెకనుకు సెకనుకు 2 మీటర్లుగా ఉంటే, చివరికి దాని వేగం సెకనుకు 20 మీటర్లు, అది పోయిన దూరం 100 మీటర్లు అవుతుంది.

సూత్రం ఇంత సులువైనదే గాని ఆచరణలో ఒక పెద్ద చిక్కు ఉన్నది. కూడిక ఒప్పును ఎలా కూడుతుందో తప్పును కూడా అలాగే కూడుతుంది. త్వరణమాపకం ఎప్పుడూ సెకనుకు సెకనుకు 0.01 మీటరు ఎక్కువగా చూపుతున్నదనుకుందాం. ఇది గురుత్వ త్వరణంలో సుమారు వెయ్యవ వంతు మాత్రమే. పై ఉదాహరణలో పది సెకన్లకు ఈ దోషం వల్ల వేగంలో వచ్చే తేడా సెకనుకు 0.1 మీటరు, ఎవరూ పట్టించుకోరు. కాని ఒక గంట గడిచేసరికి వేగంలో తేడా సెకనుకు 36 మీటర్లవుతుంది, స్థానంలో తేడా సుమారు 65 కిలోమీటర్లవుతుంది. వేగంలోని దోషం కాలంతోపాటు పెరిగితే, స్థానంలోని దోషం కాలం వర్గంతోపాటు పెరుగుతుంది. ఈ విధంగా తానంతట తాను పెరిగే దోషాన్ని అదుపులో పెట్టడమే డ్రేపర్ జీవితకాల కృషి అని చెప్పవచ్చు.

రెండవ చిక్కు దిశకు సంబంధించినది. త్వరణం ఎంత అన్నది మాత్రమే కాక ఏ వైపుకు అన్నది కూడా తెలియాలి. అందుకు త్వరణమాపకాలను ఒక వేదికపై అమర్చి, వాహనం ఎటు తిరిగినా ఆ వేదిక దిశ మారకుండా గైరోస్కోపుల సాయంతో నిలపాలి. గైరోస్కోపు అక్షం రాపిడి వల్ల మెల్లగా పక్కకు జరిగితే వేదిక కూడా జరుగుతుంది. భూమి ఉపరితలంపై ఒక కలా కోణం, అంటే డిగ్రీలో 60వ వంతు, ఒక నాటికల్ మైలుకు సమానం. కనుక గైరోస్కోపు గంటకు ఒక డిగ్రీ చొప్పున పక్కకు జరిగినా గంటకు దాదాపు 60 నాటికల్ మైళ్ళ తప్పు వస్తుంది. గంటకు డిగ్రీలో నూరవ వంతుకు మించి జరగని గైరోస్కోపు ఉంటేనే ఈ పద్ధతి పనికివస్తుంది.

ద్రవంలో తేలే గైరోస్కోపు

రాపిడిని తగ్గించడానికి డ్రేపర్ బృందం అనుసరించిన మార్గం గైరోస్కోపును ద్రవంలో తేలించడం. తిరిగే చక్రాన్ని గాలి చొరని స్థూపాకారపు డబ్బాలో ఉంచి, ఆ డబ్బాను సరిగ్గా దాని సాంద్రతే గల చిక్కని ద్రవంలో ముంచుతారు. డబ్బా బరువును ద్రవమే మోస్తుంది గనుక ఇరుసులపై భారం దాదాపు ఉండదు, రాపిడి కూడా దాదాపు ఉండదు. ద్రవం చిక్కదనం వల్ల మరొక మేలు కూడా ఉన్నది. వాహనం తిరుగుడు వేగానికి అనుపాతంలో డబ్బాపై బలం పనిచేస్తుంది. ద్రవం దానిని నిరోధించడం వల్ల డబ్బా తిరిగిన కోణం వాహనం తిరిగిన మొత్తం కోణాన్ని సూచిస్తుంది. అంటే సమాకలనం కాగితంపై కాక ద్రవంలోనే జరిగిపోతుంది. అందుకే దీనికి సమాకలన గైరోస్కోపు అని పేరు వచ్చింది.

ద్రవం సాంద్రత, చిక్కదనం వేడిమినిబట్టి మారుతాయి గనుక పరికరం ఉష్ణోగ్రతను ఎంతో నిలకడగా ఉంచవలసి వచ్చేది. డబ్బాకు, దాని తొడుగుకు మధ్య ఉండే సన్నని సందులో ఒక దుమ్ము రేణువు చేరినా కొలత చెడిపోయేది. కాబట్టి వడగట్టిన గాలి గల శుభ్రమైన గదులలో, ప్రత్యేక దుస్తులు ధరించిన నిపుణులు వీటిని కూర్చేవారు. సిద్ధాంతాన్ని కాగితంపై తేల్చి మిగతాది ఇతరులకు వదిలివేయడం డ్రేపర్ పద్ధతి కాదు. పరికరాన్ని కూర్చే పనివారి పక్కనే నిలబడి ఆయన సమస్యలు పరిష్కరించేవాడు.

నిలువు దిశ సమస్య

1940ల చివరిలో ఈ పద్ధతి సాధ్యం కాదని వాదించిన పెద్దలు లేకపోలేదు. వారిలో ప్రసిద్ధ భౌతికశాస్త్రవేత్త జార్జి గామోవ్ ఒకడు. అమెరికా వైమానిక దళానికి సలహాదారుగా ఉన్న గామోవ్ ఈ పద్ధతిలోని మౌలికమైన ఇబ్బందిని ఎత్తిచూపాడు. ఐన్‌స్టీన్ తుల్యతా సూత్రం ప్రకారం మూసి ఉన్న గదిలోని ఏ పరికరమూ గురుత్వాకర్షణకు, త్వరణానికి తేడా చూపలేదు. వేదిక ఏమాత్రం ఒరిగినా గురుత్వాకర్షణలోని కొంత భాగం త్వరణంగా నమోదవుతుంది. సరైన నిలువు దిశ తెలియాలంటే త్వరణం తెలియాలి, త్వరణం తెలియాలంటే నిలువు దిశ తెలియాలి. మేఘాలలో చోదకుణ్ణి మోసగించిన చిక్కే ఇక్కడ మళ్ళీ ఎదురైంది.

దీనికి పరిష్కారం జర్మన్ ఇంజనీరు మాక్స్ షూలర్ 1923లో ప్రకటించిన ఒక వ్యాసంలో ఉన్నది. భూమి వ్యాసార్ధమంత, అంటే సుమారు 6,371 కిలోమీటర్ల పొడవు గల లోలకాన్ని ఊహిస్తే, దాని గుండు ఎల్లప్పుడూ భూకేంద్రం వద్దనే ఉంటుంది. పై కొస ఎటు కదిలినా, ఎంత త్వరణంతో కదిలినా, ఆ లోలకం నిలువు దిశనే చూపుతుంది. దాని డోలనావర్తన కాలం సుమారు 84.4 నిమిషాలు. అంత పొడవైన లోలకం చేయనవసరం లేదు. వాహనం పోయిన దూరానికి తగినంత కోణంలో వేదికను తిప్పుతూ ఉంటే అది అటువంటి లోలకంగానే ప్రవర్తిస్తుంది. డ్రేపర్ విద్యార్థి వాల్టర్ రిగ్లీ 1941లో సమర్పించిన తన డాక్టరేటు పరిశోధనలో కదిలే వాహనంపై నిలువు దిశను గుర్తించే పద్ధతులను ఈ దృష్టితో పరిశీలించాడు.

ఈ ఏర్పాటులో ఒక అందం ఉన్నది. లెక్క తప్పి వేదిక ఒరిగితే, ఆ ఒరుగుడు వల్ల నమోదయ్యే గురుత్వ భాగం తప్పును వెనక్కి లాగే దిశలోనే పనిచేస్తుంది. అందువల్ల త్వరణమాపకపు తప్పు అంతులేకుండా పెరగక, 84 నిమిషాలకొకసారి పెరిగి తగ్గుతూ ఊగుతుంది. ముందు చెప్పిన 0.01 దోషమే 12 గంటలు అదుపు లేకుండా సాగితే స్థానంలో తేడా 9,300 కిలోమీటర్లు దాటుతుంది. షూలర్ పద్ధతిలో అదే దోషం సుమారు 13 కిలోమీటర్లకు మించదు. గురుత్వాకర్షణ శత్రువుగా కనబడిన చోటనే మిత్రంగా మారిందన్నమాట. అయితే గైరోస్కోపుల జరుగుడు వల్ల కలిగే దోషానికి ఈ ఉపశమనం లేదు, అది గంట గంటకూ పెరుగుతూనే ఉంటుంది. అందుకే డ్రేపర్ గైరోస్కోపులపై అంత శ్రద్ధ పెట్టాడు.

1953 విమాన ప్రయాణం

1949లో పరీక్షించిన ఫీబీ అనే తొలి వ్యవస్థలో సూర్యుణ్ణి అనుసరించే పరికరం కూడా ఉండేది. బయటి ఆధారం ఏదీ లేకుండా పనిచేసే పూర్తి జడత్వ వ్యవస్థ తరువాత సిద్ధమైంది. దాని పేరు స్పైర్. బరువు టన్నుకు పైమాటే.

1953 ఫిబ్రవరి 8న డ్రేపర్, ఆయన సహచరులు ఈ వ్యవస్థను బి-29 విమానంలో అమర్చి మసాచుసెట్స్‌లోని బెడ్‌ఫర్డ్ నుండి కాలిఫోర్నియాలోని లాస్ ఏంజెలెస్‌కు బయలుదేరారు. అమెరికా తూర్పు తీరంనుండి పడమటి తీరం దాకా సాగిన ఈ ప్రయాణానికి 12 గంటలకు పైగా పట్టింది. దారి పొడవునా విమానాన్ని నడిపించినది స్పైర్ వ్యవస్థే. గమ్యం దగ్గరపడేసరికి తేడా కొద్ది మైళ్ళు మాత్రమే. జడత్వ మార్గనిర్దేశనంతో ఖండాన్ని దాటిన తొలి ప్రయాణంగా ఇది చరిత్రకెక్కింది. అప్పట్లో దీనిని రహస్యంగా ఉంచారు. సైనిక సంస్థల నిపుణులు పాల్గొన్న సమావేశంలో ఈ ఫలితాన్ని వివరించిన తరువాత, సాధ్యాసాధ్యాల గురించిన వాదన చాలావరకు ముగిసింది.

జలాంతర్గాములు, క్షిపణులు

సముద్రం అడుగున ఉండే జలాంతర్గామికి నక్షత్రాలు కనబడవు, రేడియో సంకేతాలు సరిగా అందవు. అందుచేత నౌకాదళం ఈ పద్ధతిపై ఎంతో ఆసక్తి చూపింది. డ్రేపర్ ప్రయోగశాల 1950ల మధ్యలో నౌకలకు తగిన జడత్వ వ్యవస్థను రూపొందించింది. వైమానిక దళానికి చెందిన థోర్ క్షిపణికి, నౌకాదళానికి చెందిన పోలారిస్ క్షిపణికి కూడా మార్గనిర్దేశన వ్యవస్థలను ఇక్కడే రూపకల్పన చేశారు. 1960 జూలై 20న జార్జి వాషింగ్టన్ అనే జలాంతర్గామి నీటి అడుగునుండి పోలారిస్ క్షిపణిని తొలిసారి విజయవంతంగా ప్రయోగించింది.

క్షిపణి విషయంలో త్వరణం నుండి వేగాన్ని రాబట్టడమే సర్వస్వం. రాకెట్టు ఇంజను మండేది కొద్ది నిమిషాలు మాత్రమే. ఇంజను ఆగిన క్షణంలో క్షిపణి వేగం, దిశ ఎంతో, అది పడే చోటు కూడా దాదాపు అంతే కచ్చితంగా నిర్ణయమైపోతుంది. కాబట్టి లెక్కించిన వేగం కావలసిన విలువను చేరిన క్షణంలో ఇంజను ఆగాలి. ఈ పద్ధతి డ్రేపర్‌తోనే మొదలు కాలేదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో జర్మనీ వి-2 రాకెట్లలో కొన్నింటికి త్వరణాన్ని తనంతట తానే సమాకలనం చేసి వేగాన్ని చూపే గైరోస్కోపు పరికరాన్ని వాడింది. ఆ విధమైన పరికరాన్ని అత్యంత సూక్ష్మమైన స్థాయికి తీసుకురావడం డ్రేపర్ ప్రయోగశాల సాధించిన ప్రగతి.

అపోలో యాత్రలు

1961 మే నెలలో అధ్యక్షుడు కెన్నెడీ చంద్రయాన లక్ష్యాన్ని ప్రకటించాడు. అదే సంవత్సరం ఆగస్టులో నాసా అపోలో మార్గనిర్దేశన వ్యవస్థ బాధ్యతను డ్రేపర్ ప్రయోగశాలకు అప్పగించింది. అపోలో కార్యక్రమంలో ఇచ్చిన ప్రధాన ఒప్పందాలలో ఇదే మొదటిది. అప్పటికి నాసాలో ఉన్నత పదవిలో ఉన్న రాబర్ట్ సీమన్స్ ఒకప్పుడు డ్రేపర్ విద్యార్థి. వ్యవస్థ పనిచేస్తుందా అన్న సందేహాలకు సమాధానంగా, తానే వ్యోమగామిగా వెళతానని డ్రేపర్ 1961 నవంబరులో సీమన్స్‌కు లేఖ రాశాడు. అప్పటికి ఆయన వయస్సు 60 సంవత్సరాలు. నాసా ఆ అవకాశం ఇవ్వలేదు గాని, తన పరికరంపై ఆయనకున్న నమ్మకానికి ఆ లేఖ నిదర్శనంగా మిగిలింది.

అపోలో నౌకలోని జడత్వ వేదికపై మూడు గైరోస్కోపులు, మూడు త్వరణమాపకాలు ఉండేవి. వేగం ఒక నిర్ణీత మొత్తంలో మారినప్పుడల్లా త్వరణమాపకం ఒక విద్యుత్ స్పందనను పంపేది. ఆదేశ నౌకలో ఒక్కో స్పందన సెకనుకు 5.85 సెంటీమీటర్ల మార్పును, చంద్రునిపై దిగే నౌకలో సెకనుకు ఒక సెంటీమీటరు మార్పును సూచించేది. కంప్యూటరు ఈ స్పందనలను లెక్కించి, ఇంజను మండే సమయంలో ప్రతి రెండు సెకన్లకు ఒకసారి వేగాన్ని, స్థానాన్ని తిరిగి గణించేది.

ఇక్కడ ఒక ముఖ్యాంశం గమనించాలి. ఇంజను ఆగి నౌక స్వేచ్ఛగా పయనిస్తున్నప్పుడు త్వరణమాపకాలు దాదాపు సున్నా చూపుతాయి. భూమి, చంద్రుల ఆకర్షణ వల్ల వేగం మారుతూనే ఉన్నా, పరికరానికి, నౌకకు కలిసి ఆ మార్పు కలగడం వల్ల అది కొలతకు అందదు. గురుత్వాకర్షణ ప్రభావాన్ని కంప్యూటరే సూత్రం ప్రకారం లెక్కగట్టి కలపాలి. గైరోస్కోపుల జరుగుడును సరిదిద్దడానికి వ్యోమగాములు అప్పుడప్పుడు నక్షత్రాలను చూసి వేదికను సరిచేసేవారు. భూమిపైనున్న రేడియో కేంద్రాలు కూడా నౌక స్థానాన్ని కొలిచి పంపేవి. చంద్రునిపై దిగేటప్పుడు రాడారు కొలిచిన ఎత్తు, వేగం సాయంతో సమాకలన దోషాన్ని తొలగించేవారు. 1969 జూలై 20న అపోలో 11 చంద్రునిపై దిగింది. అందులోని వ్యోమగామి బజ్ ఆల్డ్రిన్ 1963లో ఎం.ఐ.టి. వైమానిక శాఖనుండే డాక్టరేటు పొందాడు. అప్పుడు ఆ శాఖకు అధిపతి డ్రేపరే. 1951 నుండి 1966 వరకు ఆయన ఆ బాధ్యత నిర్వహించాడు.

1969 నిరసనలు, ప్రయోగశాల విభజన

చంద్రయాన విజయం లభించిన సంవత్సరమే డ్రేపర్‌కు కష్టకాలం కూడా అయింది. వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా విశ్వవిద్యాలయాలలో ఆందోళనలు జరుగుతున్న రోజులవి. ఆ సమయంలో ఇన్‌స్ట్రుమెంటేషన్ ల్యాబొరేటరీ పొసైడన్ క్షిపణి మార్గనిర్దేశన వ్యవస్థపై పనిచేస్తున్నది. ఒకే క్షిపణి అనేక అణ్వస్త్రాలను వేర్వేరు లక్ష్యాలపైకి పంపగలగడం పొసైడన్ ప్రత్యేకత. విద్యాలయం ఆవరణలో ఇటువంటి పని జరగరాదని విద్యార్థులు, కొందరు అధ్యాపకులు పట్టుబట్టారు. 1969 నవంబరు మొదటి వారంలో నిరసనకారులు ప్రయోగశాల దారిని అడ్డగించగా పోలీసులు వారిని చెదరగొట్టారు.

గురి ఎంత కచ్చితమైతే శత్రువు ఆయుధాలను ముందుగానే నాశనం చేయాలన్న ప్రలోభం అంత పెరుగుతుందని, అది ప్రపంచాన్ని యుద్ధానికి చేరువ చేస్తుందని విమర్శకులు వాదించారు. దేశ రక్షణకు తోడ్పడడం ఇంజనీరు విధి అని, పరికరాల నిర్మాణం విద్యార్థుల శిక్షణలో భాగమని డ్రేపర్ విశ్వసించాడు. నిరసన తెలిపిన విద్యార్థులతో మాట్లాడడానికి ఆయన వెనుకాడలేదు. ఒకే పరికరం చంద్రునికి దారి చూపగలగడం, నగరాలపైకి అణ్వస్త్రాన్ని నడపగలగడం అప్పటి చర్చకు మూలం. ఆ చర్చ నేటికీ తేలిపోలేదు.

చివరకు 1970లో ప్రయోగశాలకు చార్లెస్ స్టార్క్ డ్రేపర్ ల్యాబొరేటరీ అని పేరు మార్చి, దానిని విద్యాలయంనుండి వేరుచేయాలని ఎం.ఐ.టి. నిర్ణయించింది. సంచాలకుడి పదవి డ్రేపర్ చేజారింది. ఇది ఆయన ఇష్టపూర్వకంగా జరిగినది కాదు. తన పేరు పెట్టిన సంస్థలో అధికారం లేని పెద్దగా మిగలడం ఆయనను బాధించింది. 1973 జూలై 1న ఆ ప్రయోగశాల లాభాపేక్ష లేని స్వతంత్ర సంస్థగా ఏర్పడింది. డ్రేపర్ అందులో శాస్త్రవేత్తగా తన పని కొనసాగించాడు.

రచనలు

వాల్టర్ మెకే, సిడ్నీ లీస్‌లతో కలిసి డ్రేపర్ పరికరాల ఇంజనీరింగుపై మూడు సంపుటాల గ్రంథం రచించాడు. ఇది 1952-55 మధ్య వెలువడింది. జడత్వ మార్గనిర్దేశనంపై రిగ్లీ, హొవోర్కాలతో కలిసి రాసిన గ్రంథం 1960లో వచ్చింది.

పురస్కారాలు, గౌరవాలు

* 1960 సంవత్సరానికి టైమ్ పత్రిక అమెరికా శాస్త్రవేత్తలను విశిష్ట వ్యక్తులుగా ఎంపిక చేసినప్పుడు వారిలో డ్రేపర్ ఒకడు.
* 1964 - అమెరికా ప్రభుత్వ జాతీయ విజ్ఞాన పతకం.
* 1981 - అమెరికా జాతీయ ఆవిష్కర్తల కీర్తిమందిరంలో స్థానం.
* 1988 - ఆయన స్మృత్యర్థం అమెరికా జాతీయ ఇంజనీరింగు అకాడమీ డ్రేపర్ పురస్కారాన్ని నెలకొల్పింది. 1989లో తొలి పురస్కారాన్ని సమీకృత వలయాన్ని ఆవిష్కరించిన జాక్ కిల్బీ, రాబర్ట్ నోయిస్‌లకు ఇచ్చారు.

మరణం, వారసత్వం

డ్రేపర్ 1987 జూలై 25న మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జిలో తన 85వ ఏట మరణించాడు.

1970లో ప్రయాణికుల సేవలో ప్రవేశించిన బోయింగ్ 747 విమానాలలో జడత్వ వ్యవస్థ ఉండేది. మహాసముద్రాలు దాటే విమానాలలో ప్రత్యేక మార్గదర్శి ఉద్యోగి అవసరం దీనివల్ల తొలగిపోయింది. తరువాత తిరిగే చక్రాల స్థానంలో లేజరు కిరణాలతో పనిచేసే గైరోస్కోపులు వచ్చాయి. భారతదేశంలో తిరువనంతపురంలోని ఇస్రో జడత్వ వ్యవస్థల విభాగం ఉపగ్రహ వాహక నౌకలకు, హైదరాబాదులోని రీసెర్చ్ సెంటర్ ఇమారత్ క్షిపణులకు ఇటువంటి వ్యవస్థలను రూపొందిస్తున్నాయి.

2003లో డ్రేపర్ పురస్కారాన్ని ఉపగ్రహాల ఆధారంగా స్థానాన్ని తెలిపే జి.పి.ఎస్. రూపకర్తలైన ఇవాన్ గెట్టింగ్, బ్రాడ్‌ఫర్డ్ పార్కిన్‌సన్‌లకు ఇచ్చారు. బయటి సంకేతాలపై ఆధారపడరాదన్నది డ్రేపర్ ఆశయం కాగా, పూర్తిగా బయటి సంకేతాలపైనే ఆధారపడే పద్ధతికి ఆయన పేరిట పురస్కారం లభించింది. ఈ రెండు పద్ధతులు నిజానికి ఒకదానికొకటి తోడు. ఉపగ్రహ సంకేతం అందినప్పుడు అది సమాకలన దోషాన్ని సరిచేస్తుంది, అందనప్పుడు జడత్వ వ్యవస్థ లెక్కను కొనసాగిస్తుంది.

నేడు చేతిఫోనులో కూడా అతి చిన్న త్వరణమాపకం, గైరోస్కోపు ఉంటాయి. వాటి ధర, పరిమాణం తక్కువ, దోషం ఎక్కువ. వాటి కొలతలను రెండుసార్లు సమాకలనం చేస్తే బల్లమీద కదలక పడివున్న ఫోను కూడా కొద్దిసేపటికే ఎంతో దూరం పోయినట్లు లెక్క తేలుతుంది. అందుకే నడకను కొలిచేటప్పుడు ఫోను దూరాన్ని ఆ విధంగా గణించక అడుగులను లెక్కిస్తుంది. 0.01 అనే చిన్న దోషం గంటలో 65 కిలోమీటర్లుగా మారే లెక్క ఈనాటికీ మారలేదు.